ఎడమ పురి పీచు

అది 2022 జూలై. గాజువాక ఆటోనగర్‌లో పాత వాహనాల కిటికీ అద్దాలు, వాటి రబ్బర్లు బాగుచేసే వర్క్‌షాపులో నేను ఇంజినీరుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. అందుచేతనేమో, ప్రతి వాహనానికీ జాబ్ కార్డు ఎంతో శ్రద్ధగా రాసేవాణ్ణి. లోపం ఏమిటి, కారణం ఏమిటి అనే గడులను ఎన్నడూ ఖాళీగా వదలలేదు.

ఆ వానల్లో ఒక చేపల వ్యాన్ వచ్చింది. దాని యజమానురాలు పోలమ్మ ద్వారకా నగర్, మధురవాడ వీధుల్లో చేపలు అమ్ముతుంది. బండి నడిపేది ఆమె తమ్ముడు ఎర్రయ్య. వ్యాన్ కొన్నది మాత్రం ఆమె భర్త దానయ్య. పడవలో చేపల వేట మానుకుని ఒడ్డుకు చేరాక దాన్ని కొని, తానే నడిపి, అంతకు ముందటి ఏడాది జబ్బుచేసి పోయాడు.

"అద్దాలు నాలుగూ బిగిసిపోనాయి బాబూ," అంది పోలమ్మ. "వానొస్తే లోపలంతా నీళ్లే. మా మావుంటే ఆడే సూసుకునీవోడు."

"ఈ బండిని సముద్రంలో ఏసినా తేల్తాదనీవోడు మా బావ," అన్నాడు ఎర్రయ్య. "ఇప్పుడు సముద్రమే ఇందులోకి ఒచ్చీసింది."

"నువ్వు నడిపితే రాదేటి మరి," అంది ఆమె.

జరిగే అద్దం అడుగున చానెల్ ఉంటుంది. అంటే అద్దం నడిచే గాడి. వాన నీరు అందులోకి కొంత దిగడం సహజమే. ఆ నీరు బయటికి పోవడానికి గాడి అడుగున చిన్న రంధ్రాలు విడిచిపెడతారు. వీటిని వీప్ హోల్స్ అంటాం. నాలుగు కిటికీలూ ఊడదీసి చూస్తే, కిటికీకి రెండు చొప్పున ఎనిమిది రంధ్రాలూ మూసి ఉన్నాయి. కొబ్బరి పీచును పురిపెట్టి, తారులో ముంచి, పడవ చెక్కల సందులు పూడ్చినంత గట్టిగా ఎవరో దిగగొట్టారు. నీరు పోయే దారిలేక నిలిచింది. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి అద్దాలను పట్టేసింది. కారణం అనే గడిలో "యజమాని తప్పు" అని రాశాను. పీచు ముక్కలను కొక్కెంతో పెకలించి చెత్త డ్రమ్ములో పడేశాను.

తుప్పు గీకి, చానెళ్లు మార్చాను. కొత్త రబ్బరు ఎక్కించడానికి దాని పెదవిలో, అంటే అంచు మడతలో, సన్నని తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, లోపలి నుంచి తాడు లాగుతూ పోవాలి. తొందరపడితే రబ్బరు చిరుగుతుంది. మూడు రోజుల పని అది.

అక్కాతమ్ముళ్లు వచ్చిన రోజున అద్దాన్ని వేలితో నెట్టి చూపించాను. సాఫీగా జరిగింది. మగ్గుతో గాడిలో నీళ్లు పోశాను. అడుగు నుంచి సన్నని ధారగా నేలమీదికి కారాయి. పోలమ్మ ముఖం మారిపోయింది.

"కన్నాలెట్టీసినావేటి బాబూ?"

"ముందు నుంచీ ఉన్నవేనమ్మా. ఎవరో పీచుతో మూసేశారు."

"ఎవరో ఏటి, మా మావే," అంది పోలమ్మ. "ఆ పీచేటి సేసినావు?"

డ్రమ్ము వైపు చూశాను. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి డ్రమ్మును నేలమీద బోర్లించింది. రబ్బరు ముక్కలు, తుప్పు పొడి, నలిగిన కాగితాల మధ్య ముగ్గురం కూర్చుని వెతికాం. ఎనిమిదిలో మూడే దొరికాయి.

ఒకదాన్ని వేళ్ల మధ్య తిప్పి నాకు చూపించింది. "పురి సూడు, ఎడంకి తిరిగుంది. మా మావది ఎడంసెయ్యి. ఊళ్లో ఇంకెవరూ ఇలా పెట్టరు. పడవ అమ్మీసినాం. బట్టలు నీళ్లలో ఒగ్గీసినాం. ఆడి సేతిది ఇదే మిగిలింది, అదీ నాకు తెలీకండా."

"సదువుకున్నోడివి, ఓ మాట అడగాలని తెలీదేటి," అన్నాడు ఎర్రయ్య.

"ఒకటి తిరిగెట్టీ బాబూ," అంది ఆమె.

"రంధ్రంలో పెడితే మళ్లీ తుప్పుపడుతుందమ్మా."

"పడవకి కన్నముంటే మునిగిపోద్ది. ఆడికి తెలిసిందది. బండి మునగకండా సూసినాడు, అంతే కదా?"

చేతిలోని జాబ్ కార్డును మడిచి జేబులో పెట్టుకున్నాను. అద్దం పూర్తిగా తెరిచినప్పుడు ఇనుముకు తగలకుండా గాడి చివర స్టాపర్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. దాని వెనుక నీరు చేరని చిన్న చోటు ఉంది. ఆమె కూర్చునే వైపు కిటికీలో ఆ దిమ్మ విప్పి, వెనుక ఒక పీచు ముక్కను సర్ది మళ్లీ బిగించాను. మిగిలిన రెండూ ఆమె కొంగున కట్టుకుంది. వెళ్లేముందు ఆ అద్దాన్ని మూసి తెరిచింది. అద్దం చివరికి వెళ్లి చప్పుడు లేకుండా ఆగింది. మళ్లీ మూసి, మళ్లీ తెరిచింది.

"ఇంక పద అప్పా," అన్నాడు ఎర్రయ్య అక్కతో.

"ఉండరా," అంది.

మా నాన్నగారు ఉన్నన్నాళ్లూ ఓడరేవులో బస్తాల మూతులు కుట్టేవారు. ఆయన వేసిన కుట్లన్నీ ఓడలెక్కి వెళ్లిపోయాయి. ఒక్క ముడి కూడా మా ఇంట్లో లేదు. ఆయన ఏ చేతివైపు పురి తిప్పేవారో నేనెన్నడూ గమనించలేదు. ఆ సాయంత్రం అమ్మను అడిగాను. ఆమెకూ గుర్తులేదు.

ఇప్పుడు విప్పిన ప్రతి వస్తువునూ సంచిలో వేసి, యజమాని చూసేదాకా దాస్తున్నాను. ఆ రోజు కార్డులో "యజమాని తప్పు" అన్న మాట కొట్టివేసి "దానయ్య చేతిపని" అని రాశాను. అప్పటి నుంచి, పాత మరమ్మతు కనిపిస్తే అది ఎవరి చేతిదో ముందు అడుగుతున్నాను.