తొలి ముద్ద అవ్వది

వంటింటి చిట్కాలు చెప్పమని మా కోడళ్లూ మనవరాళ్లూ నన్ను అడుగుతూ ఉంటారు. సంగటి ఉండలు కట్టకుండా ఎట్లా కెలకాలో, ఊరిబిండి పచ్చడి చెడకుండా ఎట్లా దాచాలో అన్నీ చెబుతాను. విన్నంత మాత్రాన చేస్తారని నాకేమీ భ్రమ లేదు. కానీ మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్న మొదటి వంట సంగటీ కాదు, పప్పూ కాదు. చేదుగడ్డ. దాన్ని ఇంతవరకు ఎవరికీ నేర్పలేదు. నేర్పే అవసరం రాకూడదనే కోరుకుంటాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. యాభైలలో మాట. మా అనంతపురం సీమలో వానలు వరసగా మొహం చాటేశాయి. నాయన కళ్యాణదుర్గం దారిలో కంకర కొట్టే కరువు పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు, నాయనను కన్న అవ్వ. జొన్నల కుండ అడుగు కనబడ్డాక అమ్మ గడ్డపార భుజాన వేసుకుని గుట్టకు పోయి ఆ గడ్డలు తవ్వుకొచ్చేది.

కరువొస్తే మా ఊళ్లో అందరూ తినేదే అది. కాకపోతే పచ్చిగా విషం. చెక్కు తీసి, పలచగా కోసి, బూడిద పూసి, నీళ్లలో నానబెట్టాలి. తర్వాత చింతాకు వేసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి మళ్లీ ఉడికించాలి. చేదు చచ్చేదాకా అదే పని. ఆ నీళ్లను అమ్మ దొడ్లో గుంత తీసి పోసి, పైన మన్ను కప్పేది. ఒకసారి మన్ను కప్పేలోపే పక్కింటి మేక వచ్చి మూతి పెట్టింది. పొద్దు గూకకముందే కాళ్లు బిగదన్ని పడిపోయింది. ఆ మేక గలవాళ్లు అమ్మను పల్లెత్తు మాట అనలేదు. వాళ్ల పొయ్యి మీదా అదే గడ్డ ఉడుకుతోంది.

ఆకలి రుచి ఎరుగదంటారు. అన్నవాళ్లు మా ఇంట్లో ఒక పూట ఉండి ఉంటే తెలిసేది. నాలుక కొసకు అంటించి చూడందే అమ్మ ఆ సట్టిని పొయ్యి మీంచి దించేది కాదు.

గడ్డ ఉడికే రోజు ఇంట్లో మాటలుండేవి కావు. ఎప్పుడూ నోరు మూయని అవ్వ కూడా గడప పక్కన కూర్చుని పొయ్యి వైపే చూసేది. వంట దిగాక తొలి ముద్ద ఆమెదే. తిని, చేయి కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చునేది. చూరు నీడ జరిగి రోటిని తాకేదాకా మాకు పెట్టేవాళ్లు కారు. మిగతా రోజుల్లో ముందు పిల్లలకే పెట్టే ఇల్లు మాది. ఇదేం న్యాయమని తమ్ముడు ఏడిస్తే, పెద్దల తర్వాతే పిల్లలు, అది ఆచారమని అమ్మ కసిరేది. ముసలిదానికి ఆకలి ఎక్కువ కాబోలని మేమిద్దరం చెవులు కొరుక్కునేవాళ్లం. ఆచారం అనే మాట చాటున ఆడవాళ్లు ఎన్ని దాస్తారో ఆ వయసులో ఏం తెలుస్తుంది?

ఎండలు ముదిరాయి. ఊరి బావిలో నీళ్లకు చేద అందక తాడుకు తాడు ముడేశారు. చివరికి చేదలో బురద వచ్చింది. దూరపు చేలో ఉన్న మోటబావి ఒక్కటే దిక్కు, అక్కడా ఇంటికి ఒక కడవే. గుట్ట మీద గడ్డలకు కొదవ లేదు. వాటి విషం దించే నీళ్లే లేవు.

ఆ రోజు అమ్మ తాగడానికని కొన్ని నీళ్లు దాచి, మిగిలినవాటితోనే గడ్డ ఉడకేసింది. చింతాకు పిడికెడు ఎక్కువ వేసింది. ఇంకా నీళ్లు మార్చాలని చిన్నదాన్ని నాకే తెలుస్తోంది. అమ్మ ఒక ముక్క నాలుకకు అంటించుకుని ఉమ్మేసి, ఇంకా చురుక్కుమంటోందని అవ్వతో మెల్లగా చెప్పింది. తమ్ముడు ఏడ్చే ఓపిక కూడా లేక నేల మీద పడి ఉన్నాడు. అవ్వ వాడిని కాసేపు చూసి, పళ్లెం తన ముందుకు జరుపుకుంది.

తిని గోడకు ఆనుకుంది. నీడ రోటి దగ్గరికి రానే లేదు, ఆమె పెదవులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. నుదుటి మీద చెమట పోసింది.

"బిడ్లకు పెట్టొద్దు," అనింది. నాలుక మొద్దుబారి మాట సరిగ్గా రాలేదు. "సట్టి గుంతలో పారబొయ్యి."

ఆ తర్వాత వాంతులు. దాచిన నీళ్లన్నీ అమ్మ కొంచెం కొంచెంగా ఆమె నోట్లోనే పోసింది. మేము పస్తు పడుకున్నాం. తెల్లారేసరికి అవ్వ కళ్లు గుంటలు పడ్డాయి గానీ ఊపిరి ఉంది.

సంగతి తెలిసి ఆ మేక గలవాళ్లు తమ కడవలోంచి సగం మా కడవలోకి వంచారు. అమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది. వేరే ఏముంది గనక వండడానికి? సట్టి దించాక తనే గడప పక్కన అవ్వ చోటులో కూర్చుని పళ్లెంలో పెట్టుకుంది. మంచం మీంచి అవ్వ లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

"ఈ పొద్దు నేను తింటా అత్తా. నీకు చేత కాదు," అనింది అమ్మ.

అవ్వ పళ్లెం లాక్కుంది. "నువ్వు పోతే ఈళ్లకు వండేదెవురు? నేను పోతే ఒక ముద్ద మిగుల్తాది."

అమ్మ పక్కకు జరిగింది. అవ్వ తిన్నది. తమ్ముడూ నేనూ ఆమెకు ఎదురుగా కూర్చున్నాం. ఈసారి మేము నీడ వైపు చూడలేదు, ఆమె పెదవుల వైపే చూశాం. నీడ రోటిని తాకింది, దాటింది కూడా. అమ్మ మాకు పెట్టింది. ఇద్దరికీ చేయి ముందుకు రాలేదు.

"మీరు తినకుంటే నేను తినిందెందుకు?" అని కసిరింది అవ్వ.

తిన్నాం.