సమ్మెలో సాధించిన సీటు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఏ గొడవైనా ఒకే పద్ధతిలో నడిచేది. ముందు డిమాండ్లు, తర్వాత చర్చలు, అవి విఫలమైతే సమ్మె. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, నా నెత్తి మీద మాత్రం ఇంకాస్త జుట్టుండేది.) క్వార్టర్లకు నల్లా నీళ్లు రాకపోయినా, పెళ్లి విందులో మటన్ సరిగ్గా అందకపోయినా మాకు తెలిసిన దారి అదొక్కటే. కాబట్టి మా కారు తుక్కయినప్పుడు ఇన్సూరెన్సు వాళ్ల మీదికీ అలాగే బయల్దేరాం. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, దానికంటే ముందు నీరసం వస్తుంది.

నేను ప్రైవేటు బడిలో లెక్కల పంతులుగా చేరిన కొత్తలో కొన్న పాత కారది. షోకు కోసం కొనలేదు (కొంచెం షోకు కూడా ఉందనుకోండి). బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మా బాపుకు ఆయాసం. ఆటోలో నిటారుగా కూర్చుంటే దవాఖాన చేరేలోపే ఊపిరాడేది కాదు. కారులో ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టి బెల్టు పెడితే, "ఇగ మంచిగున్నది బిడ్డా" అని కళ్లు మూసుకునేవాడు. ఇంట్లో మంచం మీద రాని నిద్ర ఆ సీటులో వచ్చేది. ఒకరోజు నేనూ మా అక్క మొగుడూ కమాన్‌పూర్ దారిలో చాయ్ తాగుదామని కారు ఆపి దిగాం. ఇంతలో ఒక బొగ్గు లారీ తాపీగా రివర్సులో వచ్చి మా కారు వెనక సగాన్ని చపాతీ చేసింది. డ్రైవర్ దిగి, "కనవడలేదన్నా" అన్నాడు. ఎర్ర రంగు కారు, పట్టపగలు.

కరీంనగర్ గ్యారేజీలో కారు చూసిన సర్వేయర్ సారు, బాగు చేయించే ఖర్చు కారు విలువను దాటుతుంది కాబట్టి టోటల్ లాస్ అని తేల్చాడు. అంతవరకు బాగానే ఉంది. పాలసీలో ఉన్న విలువలోంచి పాత సొట్టలకు కొంత, లాక్కొచ్చిన క్రేనుకు కొంత కోసి, మిగిలిందే ఇస్తామన్నాడు. మా బావ యూనియన్‌లో చిన్న నాయకుడు. డ్యూటీలో కంటే చర్చల్లోనే ఎక్కువ చెమట పట్టే మనిషి.

"గిట్ల కోస్తే ఎట్ల సార్? పాలసీ రాసిననాడు గా సొట్టలు మీకు కనవడలేదా?" అని నిలదీశాడు.

సర్వేయర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రూల్ అండి. సంతకం పెడితే డబ్బు వస్తుంది."

"పెట్టం. బండి మీకు అప్పజెప్పం. నడువు బామ్మర్దీ, చర్చలు ఫెయిల్!"

అలా కారును గ్యారేజీలోనే వదిలేసి మేం సమ్మెలోకి దిగాం. "ఫికర్ చెయ్యకు, వాళ్లే పిలుస్తరు" అన్నాడు బావ. బావి ఆగితే కంపెనీ పరుగెత్తుకొస్తుంది మరి. వారాలు గడిచాయి. బాపును మళ్లీ ఆటోలోనే తీసుకెళ్తున్నాను. ఆయన దారి పొడవునా నా భుజం పట్టుకుని రొప్పుతుంటే నాకు ఏడుపొచ్చేది. చివరికి ఫోన్ మోగింది. బావ గొంతు సవరించుకుని మరీ ఎత్తాడు. మాట్లాడింది గ్యారేజీ వాడు. కారు అక్కడ నిలిపినన్నాళ్లకూ రోజువారీ కిరాయి మేమే కట్టాలట, ఇంకా ఆలస్యమైతే ఇంకా పెరుగుతుందట.

బాపు దగ్గుల మధ్య నవ్వాడు. "నా సర్వీసుల ఎన్నో సమ్మెలు జూసిన గాని, చేసేటోనికే మీటరు తిరిగే సమ్మె ఇదే సూసుడు."

మర్నాడే వెళ్లాం. సర్వేయర్ అంతకుముందు చెప్పిన మాటే చెప్పాడు. అందులోంచి గ్యారేజీ కిరాయి కూడా పోతే, మిగిలేదాంతో ఇంకో కారు మాట మరిచిపోవాల్సిందే. నాకు వాదించే ఓపిక లేదు, పెన్ను తీశాను. బావ నా చెయ్యి పట్టుకుని చెవిలో, "ఒక్క డిమాండన్న గెలవాలె, లేకుంటే వాడల తలెత్తుకోలేం" అన్నాడు. నాకు ఒక్కటే తోచింది.

"సార్, ముందు సీటు మాకియ్యున్రి. మా బాపు దాంట్లనే పంటడు."

సర్వేయర్ కాగితాలు నా ముందుకు జరిపాడు. ఆయనకూ ఓపిక అయిపోయినట్టుంది. "తుక్కు కొనేవాడికి నేను చెప్తాను. తీసుకెళ్లండి బాబూ, దండం పెడతాను."

సంతకం పెట్టేసి, సీటును ఆటోలో ఎక్కించి, మేమిద్దరం అంచున వేలాడుతూ ఇల్లు చేరాం. "డిమాండ్ సాధించినం!" అని బావ వాడంతా చెప్పుకున్నాడు. వరండాలో ఇటుకల మీద దాన్ని నిలబెడితే, బాపు అందులో వాలి, చెయ్యి భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి వెతికాడు. "బెల్టేదిరా?"

"ఇల్లు ఎటు పోతది బాపూ? బెల్టెందుకు?"

తర్వాత రెండు ఎండాకాలాలు ఆయన అందులోనే నిద్రపోయాడు. ఇప్పుడు బాపు లేడు. బడి నుంచి అలసిపోయి వచ్చి ఆ సీటులో వాలేది నేనే. వాలగానే నా చెయ్యి భుజం వెనక్కి వెళ్లి, లేని బెల్టు కోసం వెతుకుతుంది.