తొమ్మిదో నంబరు బిళ్ళ

సబ్బుతో రెండుసార్లు కడిగినా వేళ్ళకు ఇత్తడి వాసన పోవడం లేదు. పోకపోతే పోనీ. ఈ క్రిస్మస్ సెలవులకు ఇల్లందు వచ్చి నేను చేసిన మంచిపని ఒక్కటే, ఆ వాసన దానిదే.

మా ఎదురింటి యోహాను తాత బొగ్గుబాయి దగ్గర దీపాల గదిలో పనిచేసి రిటైరైన మనిషి. బాయిలోకి దిగే ప్రతి కార్మికుడికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేదట. అది ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక మేకుకు బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. రిటైరయ్యాక తాత తన ముందుగదిలో రెండు బీరువాల నిండా పుస్తకాలు పెట్టి, వాడకట్టు వాళ్ళందరికీ అదే పద్ధతి పెట్టాడు. బిళ్ళ మేకుకు తగిలించి పుస్తకం తీసుకెళ్ళాలి. చదివి తెచ్చి, ఆయన అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెబితేనే బిళ్ళ చేతికొచ్చేది. మేకులన్నీ ఖాళీ అయిన సాయంత్రం "అందరు పైకొచ్చిండ్రు" అని తృప్తిగా తలుపు దగ్గరికి వేసేవాడు. నాది తొమ్మిదో నంబరు.

ఖమ్మంలో నర్సింగు చదివే రోజుల్లో సెలవులంటే నాకు రెండే పనులు. హాస్టల్లో చూడలేకపోయిన సినిమాలు, చదవలేకపోయిన పుస్తకాలు. రెండో ఏడు క్రిస్మస్‌కు తాత దగ్గర ఓ లావుపాటి నవల తెచ్చుకున్నాను. ఆ కథ సినిమాగా కూడా వచ్చిందని తెలిసి ఫోన్లో చూసేశాను. రెండున్నర గంటల్లో అయిపోయేదానికి అన్ని పేజీలెందుకు, నా మొహం! మూడో రోజే పుస్తకం పట్టుకుని వెళ్ళాను.

"అప్పుడే అయిపోయిందా? మరి ఆ తల్లి ఆఖరుకు ఏం చేసింది బిడ్డా?"

"కొడుకు పెళ్ళి చూసి మురిసిపోయింది తాతా!" సినిమాలో అంతే మరి.

మేకు దాకా పోయిన చెయ్యి తాత వెనక్కి తీసుకున్నాడు. "లోపలికే పోలేదు నువ్వు. బయటికెట్లొస్తవ్?"

నాకు ఒళ్ళు మండింది. "ఒక్క పుస్తకానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాను. తాత కోప్పడలేదు. కుర్చీలో కూలబడి, గోడ మీది మేకుల బోర్డు వంక చూశాడు.

"ఓనాడు షిఫ్టు ఇడిసినంక ఒకాయన ఉరికొచ్చిండు. మొదటి ఆట సినిమాకు బస్సు పోతది, నా దోస్తు బిళ్ళ గూడ ఇయ్యి, వాడు నల్లా కాడ మొకం కడుగుతుండు, దీపం ఎనకనే తెస్తడన్నడు. జల్దిల ఇచ్చేసిన. వాడు పైకే రాలే. దోస్తు వచ్చిండనే అనుకున్నడు పాపం ఆయన, అబద్ధం గాదు. దీపం రాలేదన్నది నేను గూడ చూసుకోలే. మేకు ఖాళీగున్నది గద, ఎవలం ఎతకలే. పొద్దుగూకినంక లోపల ఉండిపోయినోని పెండ్లాం వచ్చి అడిగింది."

"బతికాడా తాతా?"

"లేదు బిడ్డా. బిళ్ళ ఇచ్చింది నేనే."

సిగ్గుతో చచ్చిపోయాను. నవల మళ్ళీ తీసుకున్నాను. కానీ ఆ సిగ్గు నాలుగు రోజులే. చదువయ్యింది, ఖమ్మంలో దవాఖానాలో ఉద్యోగమొచ్చింది, ఖానాపురం హవేలిలో కిరాయి గది దొరికింది. సెలవులకు వచ్చినప్పుడల్లా సినిమాలే ముందు. "ఎంతదాక పోయినవ్?" అని తాత గుమ్మంలోంచి కేకేస్తే "సగం తాతా!" అనేదాన్ని. మొదటి పేజీ కూడా తిప్పలేదు. ఆయనకు తెలియకుండా ఉంటుందా? అయినా ప్రతిసారీ "మంచిగ సదువు" అనేవాడు.

మొన్న వానాకాలంలో తాత పోయాడు. డ్యూటీలో ఉండి మట్టికి కూడా అందలేదు. ఆ తర్వాత గానీ నాకు పుస్తకం గుర్తు రాలేదు. ఒక్క అక్షరం వదలకుండా చదివాను, చదువుతున్నంతసేపూ నన్ను నేనే తిట్టుకుంటూ.

ఒక్క విషయంలో మాత్రం నేను తాత మాట తప్పలేదు. వార్డులో డ్యూటీ మారేటప్పుడు "అందరూ బాగానే ఉన్నారు, సంతకం పెట్టెయ్ అక్కా" అంటారు కొత్తగా వచ్చిన అమ్మాయిలు. నేను పెట్టను. ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి ముఖం చూసి, పేరు పెట్టి పలకరించాకే పెడతాను. చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఇవాళ పొద్దున ఆ నవల పట్టుకుని తాత ఇంటికి వెళ్ళాను. ఆయన కోడలు సలోమి అత్త తలుపు తీసింది. బోర్డు మీద తొమ్మిదో నంబరు ఒక్కటే వేలాడుతోంది.

"అందరు తీస్కపోయిండ్రు. నీది మీ అమ్మకిస్తనంటే మామ పోయేముందు వద్దన్నడు. ఆ పిల్లనే రావాలె అన్నడు. వస్తే ఒకటి అడగమన్నడు గూడ."

"ఏంటత్తా?"

"ఆ తల్లి ఆఖరుకు ఏం చేసిందని."

నవల అత్త చేతిలో పెట్టాను.

"ఆఖరు దాకా బతకనే లేదు, కథ సగంలోనే పోయింది అత్తా. కొడుకు సెలవులకు వచ్చేసరికే లేదు."

ఏడుపు ఆగలేదు. అత్త కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కకు జరిగింది. నా బిళ్ళ నా చేత్తో నేనే తీసుకున్నాను. మేకులన్నీ ఖాళీ అయ్యాయి. "అందరు పైకొచ్చిండ్రు తాతా" అని, తలుపు నేనే దగ్గరికి వేశాను.