ఒంటికాలి పంచమం

ఆ రోజుల్లో, అంటే నా మోకాళ్లు ఇంకా నా మాట వినే రోజుల్లో, ప్రపంచానికి నేనేదో కొత్తది ఇవ్వబోతున్నానని గట్టి నమ్మకం ఉండేది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బళ్లో యోగా మాస్టర్‌గా టెంపరరీ ఉద్యోగం. డిగ్నాబాద్‌లోని ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న సరళీ స్వరాలు ఉండనే ఉన్నాయి. రెండింటినీ కలిపేశాను. ఒక్కో స్వరానికి ఒక్కో ఆసనం. 'స' అంటే తిన్నగా నిలబడాలి, 'ప' అంటే వృక్షాసనం, ఒంటికాలి మీద చేతులు పైకి జోడించి నిలబడాలి. స్వరం వినబడుతున్నంతసేపూ కాలు దించకూడదు. (ఈ నియమం పెట్టినవాడు ఇప్పుడు దొరికితే నేనే రెండు తగిలిస్తాను.) అంతటితో ఆగానా? రేవులో ఓడ కూసినప్పుడల్లా, "సునో, అది కూడా మన 'ప'నే," అని పిల్లలకు చెప్పి మురిసిపోయేవాణ్ణి. నా శ్రుతి ఆ కూతకే కలుపుకున్నాను మరి.

ఆ ఏడు నన్ను పర్మనెంటు చేయాలో వద్దో తేల్చడానికి ఒక పెద్దాఫీసరు వస్తున్నారన్నారు. అమ్మ అప్పటికే పర్మనెంటు అయిపోయినట్టు వీధంతా చెప్పేసింది. ఆ పొద్దున నేను బయల్దేరుతుంటే, "ఏటిరా ఆ బిగుసుకుపోడం? నోరిప్పి పాడు. కాళ్ల సంగతి పిల్లలు చూసుకుంటారు," అంది.

పిల్లలు నిజంగానే చూసుకున్నారు. 'స' నుంచి 'మ' దాకా నలభై మందీ ఒక్కరిలా కదిలారు. ఆఫీసరుగారికి ఉత్సాహం వచ్చి, "మై భీ కరూంగా," అంటూ బూట్లు విప్పి వరసలోకి వచ్చేశారు. ఆయన నిలబడ్డాక హెడ్మాస్టరుగారు కుర్చీలో కూర్చోగలరా? ఆయనా చెప్పులు విప్పారు. నేను 'ప' అందుకున్నాను. అందరూ ఒంటికాలి మీద నిలిచారు. సరిగ్గా అప్పుడే రేవులో ఓడ కూసింది. ఊపిరి అయిపోయి నేను ఆగాను. ఓడ ఆగలేదు.

"బస్ కరో, కాళ్లు దించేయండి," అన్నాను.

"సార్, అభీ 'ప' వస్తంది కదా," అంది ముందు వరసలోని పిల్ల, ఎంతో భక్తిగా.

పిల్లలకంటే ముందు కాలు దించితే పరువు పోతుందని ఆఫీసరుగారు, ఆఫీసరుకంటే ముందు దించితే ఉద్యోగం పోతుందని హెడ్మాస్టరుగారు. కూత ఆగి, ఎవరూ కాలు దించేలోపే మళ్లీ మొదలైంది. ఆఫీసరుగారు ఊగి హెడ్మాస్టరుగారి భుజం పట్టుకున్నారు. హెడ్మాస్టరుగారికి పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఇద్దరూ కలిసి కింద చాప మీదికి ఒరిగిపోయారు. నాకు తెలిసిన పని ఒక్కటే చేశాను. తర్వాతి స్వరం 'ద' అందుకున్నాను. 'ద' అంటే భుజంగాసనం. పిల్లలంతా బోర్లా పడుకుని తలలెత్తారు. పడ్డవాళ్లిద్దరూ కూడా తలలెత్తి నావైపు చూశారు. (ఆసనం బాగానే కుదిరింది.)

ఆఫీసరుగారు లేచి దుమ్ము దులుపుకుని, "బచ్చే బహుత్ అచ్ఛే హై," అన్నారు. మాస్టరు గురించి ఏమీ అనలేదు. ఉద్యోగం పర్మనెంటు కాలేదు. బాధపడలేదంటే అబద్ధం. వారం రోజులు అమ్మకు మొహం చూపించలేక తిరిగి, ఆ తర్వాత మామయ్య ఎలక్ట్రికల్ షాపులో కూర్చున్నాను.

పొద్దున్నే స్వరాలూ ఆసనాలూ మాత్రం ఒక్కనాడూ మానలేదు. నలభై ఐదు దాటాక, ఇప్పుడు బ్రూక్షాబాద్ ఇంట్లో, 'ప' దగ్గర నా చెయ్యి ఒకటి గోడ మీద ఉంటుంది. మా ఆవిడ చాయ్ పట్టుకొచ్చి, "గోడ వదిలి పాడండి చూద్దాం ఓసారి," అంటుంది. వదలను. ఆనాడు కంగారుగా 'ద' అందుకున్న ఆ కుర్రాడు కనబడితే మాత్రం భుజం తట్టి ఒక మాట చెప్పాలనుంది: పర్మనెంటు అయ్యావులే నాయనా, జీతమే లేదు.