గట్టి టిప్పు కర్ర

ఆదివారం తను ఆడే పూల్ పోటీ (బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టే ఆట) ఉందని, కొత్త కర్ర కొనడానికి మా ఆయన ఈ రోజు నన్ను కూడా విజయనగరం తీసుకెళ్లాడు. గుంపుగా పేర్చిన బంతుల్ని చెదరగొట్టే మొదటి దెబ్బను బ్రేక్ అంటారట. దానికి బరువైన తోలు టిప్పు (కర్ర కొసన బంతికి తగిలే ముక్క) కర్రా, తేలికైన గట్టి టిప్పు కర్రా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాడు. తోలు దెబ్బను కొంత మింగేస్తుందట. చివరికి షాపులోని బల్ల దగ్గర గట్టి టిప్పుది నా చేతిలో పెట్టాడు.

“నువ్వు కొట్టి సూడు.”

“అందరూ సూస్తన్నారు బావా, సిగ్గేస్తంది.”

“ఆళ్లు బంతుల్ని సూస్తారు గానీ నిన్నేటి సూస్తారే? కొట్టు.”

కొట్టాను. ఠప్పుమని మోగింది. మా భావనపాడు సముద్రపు ఒడ్డున అడుగు పెట్టగానే పరుగెత్తే పీతల్లా బంతులన్నీ చెదిరిపోయాయి. అంతమంది ముందు గట్టిగా నవ్వేశాను. పెళ్లయ్యాక బయట నా నవ్వు నాకు వినబడటం ఇదే మొదలు.

“ఇదే ఇచ్చీండి” అన్నాడు బావ షాపతనితో.

ఇంటికొచ్చి అన్నం వారుస్తున్నా చెవిలో ఆ చప్పుడే. చేతులు ఇంకా ఆ పచ్చబల్ల మీదే ఉన్నట్టున్నాయి. పోటీ ఆయనదే, కాదనను. ఆదివారంలోపు ఇంకొక్క బ్రేక్ నన్ను కొట్టనివ్వమని అడగాలని ఉంది. సిగ్గుపడకుండా ఎలా అడగాలో ఎవరైనా చెప్తారా?