మేడమ్‌కు సోషల్, నాకు హిందీ

ఈ పొద్దున చేవెళ్ల కూరగాయల మార్కెట్‌లో ఎవరో "నక్కో భాయ్, నక్కో" అని అరిచారు. పచ్చి టమాటా వాసనతో పాటు నా తెలివితక్కువతనమూ గుప్పుమంది. పదో తరగతి హిందీ పరీక్షలో "నహీ" అనాల్సిన చోట నేను ఆ మాటే రాశాను. మొయినాబాద్ బస్టాండులో దోస్తులతో మాట్లాడే దక్కనీయే హిందీ అనుకున్నవాణ్ణి, ఇక పుస్తకం తెరవడం దేనికి? "క్యోం" రాయాల్సిన చోటల్లా "కైకు" అని రాశాను. హిందీ అందరికీ ద్వితీయ భాష, నాది అద్వితీయ భాష. ఫలితాల్లో హిందీ తప్పాక, నక్కో అని రాసినవాణ్ణి ఇంట్లో నక్కి కూర్చున్నాను.

మా బడిలో కాంట్రాక్టు మీద హిందీ చెప్పే రజియా మేడమ్ వెతుక్కుంటూ వచ్చారు. ఏం రాశానో చెప్పించుకుని, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అరే, నీ పేపర్ మా అమ్మీ దిద్దితే ఫస్ట్ క్లాస్ ఇస్తుండె! సప్లిమెంటరీ రాయి. రోజూ మా ఇంటికి రా."

బాపు మొహమాటపడ్డాడు. "ఫీజు గిట్ల..."

"ఫీజొద్దన్నా. మీవోనికి సోషల్ మంచిగొస్తది గద, నాకు చెప్పమను."

ఆమె కష్టం అప్పుడు తెలిసింది. అర్హత పరీక్ష పాస్ కాని కాంట్రాక్టు టీచర్లను బడులు తెరిచాక కొనసాగించకూడదని కొత్త ఉత్తర్వు వచ్చింది. ఆ పరీక్షలో హిందీ చెప్పేవాళ్లకూ సోషల్ ప్రశ్నలే ఎక్కువ. ఏళ్ల తరబడి పిల్లలను హిందీలో గట్టెక్కించిన మనిషి రుతుపవనాల దగ్గర ఆగిపోయారు. అర్హతలో 'హత' ఉందని ఆ వేసవిలోనే గమనించాను.

"మూసీ ఎక్కడ పుట్టింది మేడమ్?"

"సిటీల. వాసన జూస్తె తెల్వదా?"

"అనంతగిరిల మేడమ్. మన పక్కనే."

"పక్కనున్నది ఎవరికి కనబడ్తది రా," అంటూ వెల్లుల్లి పొట్టు ఊదేశారు.

నేను పాసయ్యాను. మేడమ్ కాలేదు. కాంట్రాక్టు ఆగిపోయింది. తల వంచుకుని వెళ్లాను.

"నేను సరిగ్గ చెప్పలే మేడమ్."

"నీదేం లేదు. నాకే రాజులు యాదికుండరు. అందరు ఒకర్నొకరు సంపుకునేటోళ్లే."

చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో చేరారు. నా ఇంటర్ కాలేజీ కూడా అక్కడే. పాత బడిలో ఆమె చోటు ఖాళీగానే ఉంది. పాసైతే మళ్లీ తీసుకుంటామని హెడ్మాస్టరు మాటిచ్చారు. అందుకే పొద్దునా సాయంత్రం బస్సులో, పైకడ్డీ పట్టుకుని వేలాడుతూనే ఆమెను ప్రశ్నలడిగేవాణ్ణి. "జర ఊపిరి తీస్కోనియ్ రా," అనేవారు. కండక్టరు కూడా జవాబులు నేర్చుకున్నాడు.

ఇప్పుడు నేను సోషల్ టీచర్ని. తప్పు జవాబు మీద ఎర్ర పెన్ను పెట్టే ముందు, ఇది ఎవరింట్లో ఒప్పో అని ఒకసారి ఆలోచిస్తాను. అది మేడమ్ నాకు అంటించిన జబ్బు.

నేనింకా ఇంటర్ చదువుతుండగానే, ఆమె రెండోసారి రాసిన పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ మోగింది. ఎత్తగానే ఏడుపూ నవ్వూ కలిసిన కేక: "మై పాస్ హోగయా రా! పాస్ హోగయా!"

నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అయినా అలాంటి అవకాశం మళ్లీ దొరుకుతుందా? గొంతు సవరించుకున్నాను.

"గయా కాదు మేడమ్, గయీ. ఆడవాళ్లు గయీ అనాలె. అర మార్కు కట్."