నల్ల కారు మీద కొడవలి

కారు మీద గీతలు పడ్డాయని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ అక్కణ్నుంచి లేచిపోతాను. గీతలు పడితే ఏముంది, మళ్లీ రంగు వేయిస్తారు, అంతేగా అంటారు మా ఇంట్లో పిల్లలు. వాళ్లకేం, ఎన్నైనా అంటారు. ఆ గీతల వల్ల ఒక మనిషి ప్రాణం పోబోవడం నేను కళ్లారా చూశాను.

పోలీసు చర్యకు ముందటి ఏడు వేసవి. మేము సూర్యాపేటలో ఉండేవాళ్లం. మా ఆయన ఒక దొర దగ్గర కారు డ్రైవరు. అదే ఇంట్లో నేను గిన్నెలు తోమేదాన్ని. మా అన్న గేటు దగ్గర కాపలా ఉండేవాడు, రాత్రి కారు పక్కన పడుకునేవాడు. ఆ దొరకు త్రిపురారం అవతల ఒక ఊళ్లో కోటలాంటి పెద్ద గడి ఉంది. కానీ ఊళ్లో ఎర్రజెండా సంఘం బలపడ్డాక, వెట్టి చేయబోమని జనం ఎదురు తిరిగాక, ఆయన గడికి తాళం వేసి పేటలో ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకుని దిగాడు. వస్తూ వస్తూ మమ్మల్ని కూడా సామానుతోపాటు తెచ్చుకున్నాడు.

దొరకు భయం పట్టుకుంది. ఒక గదిలో పడుకున్నవాడు తెల్లారేసరికి ఇంకో గదిలో లేచేవాడు. ఏ వంట చేసినా ముందు మా అన్న తినాలి. తిని కాసేపు ఎదురుగా కూర్చోవాలి. మా అన్న ఇంకా బతికే ఉన్నాడని తేలాక దొర భోజనానికి లేచేవాడు. ఆ పుణ్యాన మా అన్న ఆ వేసవిలో కాస్త ఒళ్లు చేశాడు. మేము నవ్వుకోవడానికి ఆ ఇంట్లో అదొక్కటే ఉండేది. మిగతాదంతా భయమే. దొరకు ఊరంటే భయం, మాకు దొరంటే భయం. భయపడే మనిషి కింద బతకడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ధైర్యమున్న దుర్మార్గుడికి ఎప్పుడు కోపం వస్తుందో కొంతైనా అంచనా ఉంటుంది. పిరికివాడి సంగతి అట్లా కాదు.

ఊరు వదిలిన ఆ ఏడే దొర బెజవాడ నుంచి కొత్త కారు తెప్పించాడు. మొహం కనబడేంత నల్లటి కారు. తలపాగా సర్దుకోవడానికి ఇంట్లో నిలువుటద్దం ఉన్నా కారు దగ్గరికే వచ్చేవాడు. గడి పోయింది, ఊళ్లో మాట పోయింది, ఇక దొరతనం ఏమైనా మిగిలి ఉంటే ఆ నలుపులోనే ఉన్నట్టు చూసుకునేవాడు. మా ఆయన కంటే ముందున్న డ్రైవరు పాత కారు తలుపు గోడకు తగిలించాడని, అతని వేళ్లు ఆ తలుపు సందులోనే పెట్టించి మూయించాడు. ఆ మనిషిని నేనెరుగుదును. తర్వాత అన్నం ఎడమ చేత్తో తినేవాడు.

అందుకే మా ఆయన ఆ కారును పసిబిడ్డలా చూసుకునేవాడు. నా పాత నూలు చీరలు చింపి, ఉతికి, ఆరబెట్టి, ఆ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. నేను దగ్గరికి పోతే, గాజులు తగులుతాయి దూరం ఉండమనేవాడు. నాకు ఒళ్లు మండేది. నా మీద ఒక్క రోజైనా అంత శ్రద్ధ చూపించిన పాపాన పోలేదు.

కారు అమ్మిన కంపెనీకి కోదాడలో ఒక షెడ్డు ఉండేది. కొత్త బండిని అక్కడికి తీసుకుపోతే నూనె మార్చి, నట్లు బిగించి, కడిగి ఇస్తారు. దొర ఒకరోజు పొద్దున్నే పంపాడు. కోదాడ పోవాలంటే మధ్యలో మునగాల పరగణా దాటాలి. అప్పుడది ఇంగ్లీషు వాళ్ల కింద ఉండేది కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సరిహద్దు నాకాల దగ్గర ఆగాలి. మా ఆయన దీపాలు పెట్టకముందే తిరిగి వచ్చాడు. వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

జరిగింది ఇది. షెడ్డులో పని చూసే పెద్దమనిషి, నువ్వు ఇక్కడ నిలబడితే మా వాళ్లకు పని సాగదయ్యా, పోయి హోటల్లో అన్నం తినిరా అన్నాడట. ఈయన పోయాడు. బావి ఎండిపోయిందని షెడ్డు వాళ్లు వాగులో చెలమ తోడి నీళ్లు తెచ్చారు. ఆ నీళ్లలో సగం ఇసుకే. చక్రాలకు పట్టిన మట్టిని కొబ్బరి పీచుతో రుద్ది, నేల మీద పడేసి, మళ్లీ అదే పీచు తీసుకుని బండి ఒంటినంతా రుద్దారు. బర్రెను కడిగినట్టు కడిగారు. ఈయన తిరిగి వచ్చేసరికి చివరి బకెట్ పోస్తున్నారు. తడి మీద బండి నిగనిగలాడుతోంది, ఈయనకు ఏమీ కనబడలేదు. నాకా దగ్గర ఆగినప్పుడు బండి ఆరింది. ఎండలో చూస్తే నలుపు నిండా సన్నటి గీతలు. బానెట్ మీద అయితే చెయ్యి తిరిగిన చోటల్లా వంకర గీతలు. వెనక్కి పోయి అడగడానికి ధైర్యం చాలలేదట. అడిగితే మాత్రం వాళ్లు ఒప్పుకుంటారా? మీ పల్లెటూరి దుమ్ము వల్ల పడ్డాయి అంటారు.

చెప్పెయ్ దొరకు అన్నాను. చెప్పే గొంతు నాకు లేదు, చెబితే నా వేళ్లు ఉండవు అన్నాడు. నాకు కోపమొచ్చింది కానీ నా చూపు కూడా ఆయన వేళ్ల మీదికే పోయింది. ఆ తర్వాత చెప్పమని నేను గట్టిగా అనలేదు.

మరునాడు దొర నిద్ర లేవకముందే మా ఆయన కొబ్బరినూనె తెచ్చి బండికంతా పూశాడు. గీతలు మాయమయ్యాయి. నిజంగానే మాయమయ్యాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊపిరి పీల్చుకున్నాం. రోజూ తెల్లవారుజామున కాస్త నూనె పూయడం, మెత్తగా తుడవడం. నా తలకు నూనె లేకపోయినా బండికి మాత్రం ఉండేది. దొర రెండు మూడుసార్లు బయటికి పోయి వచ్చాడు, ఏమీ అనలేదు. గండం గడిచిందనుకున్నాం.

నూనె దుమ్మును పట్టుకుంటుందన్న ఆలోచన మాకు రాలేదు. సూర్యాపేట ఎర్రదుమ్ము. అది వచ్చి నూనెలో కలిసి, మెల్లగా ఆ గీతల్లో దిగి, గట్టిపడింది. పైపైన తుడిస్తే పైది పోతుంది, గీతలో ఉన్నది పోదు. మేము దాచిపెట్టిన గీతలకు మేమే రంగు వేసుకున్నాం.

ఒక పొద్దున దొర దావా ఉండి అదాలత్‌కు పోవడానికి బయలుదేరి, తలపాగా సర్దుకోవడానికి కారు దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే బావి గట్టు మీద గిన్నెలు తోముతున్నాను. ఎండ అప్పుడే ఏటవాలుగా పడుతోంది. దొర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన పెదవి అదరడం నాకు కనిపించింది.

"కొడవలి" అన్నాడు.

నేనూ చూశాను. బానెట్ మీద, సరిగ్గా మధ్యలో, ఎర్రగా ఒక వంపు. వంపు చివర కిందికి దిగిన ఒక చిన్న గీత. పిడితో సహా కొడవలి. సంఘం వాళ్లు ఎర్రగుడ్డ మీద వేసుకునే కొడవలి. అది పీచు తిరిగిన జాడ అని నాకు తెలుసు. అయినా దొర ఆ మాట అన్నాక ఎంత చూసినా నాకు పీచు కనబడలేదు, కొడవలే కనబడింది.

దొర అరిచినట్టు గుర్తు లేదు. చాలా మెల్లగా మాట్లాడాడు. అందుకే ఎక్కువ భయం వేసింది. గోడ దూకి ఎవరూ రాలేదు, గేటుకు తాళం ఉంది, కారు పక్కన పడుకునేది ఒక్కడే అన్నాడు. మా అన్నను పిలిపించాడు. ఆ నెలలో మా అమ్మకు జ్వరమొస్తే మా అన్న ఊరికి పోయి వచ్చాడు. సంఘం వాళ్లను కలిసి వచ్చావు, చంపే ముందు గుర్తు పెట్టమన్నారు, పెట్టావు అన్నాడు. నా ముందర కూర్చుని నా అన్నం తిన్నావు కదరా అన్నాడు. మా అన్నకు ఏమీ అర్థం కాలేదు. కారు మీద గీతల సంగతి మేము ఆయనకు కూడా చెప్పలేదు. నాకు తెల్వదు దొరా, నాకు తెల్వదు అంటూ చేతులు జోడించి నిలబడ్డాడు. ఇంట్లో ఉన్న ఇద్దరు పాలేర్లు వచ్చి ఆయన రెక్కలు వెనక్కి విరిచి తాడుతో కట్టారు.

దొర మా ఆయన వైపు తిరిగాడు. "బండి తియ్యి. మిర్యాలగూడ పోవాలె."

మిర్యాలగూడలో దొర బామ్మర్దికి ఒక గోదాం ఉండేది. అక్కడ తుపాకులు పట్టుకున్న మనుషులను పోషిస్తున్నాడు. మా వైపు నుంచి ఆ గోదాంకు తీసుకుపోయిన మనుషులెవరూ ఇంటికి తిరిగి రాలేదు. అది అందరికీ తెలుసు. మా అన్నను అక్కడికి చేర్చాల్సింది నా మొగుడు. చేర్చేది కూడా ఆ కారులోనే.

మా ఆయన బండి స్టార్టు చేయడానికి తిప్పే ఇనుప హ్యాండిలు పట్టుకుని ముందుకు వచ్చాడు. దాన్ని బండి ముక్కులో పెట్టాడు. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. ఆయన నా వైపు చూడడం లేదు. నాకు ఆ క్షణాన ఆయన మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. నోరు తెరిచి నేనే చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే మొగుడు, చెప్పకపోతే అన్న. చేతిలో బూడిద గిన్నె పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను.

మా ఆయన హ్యాండిలు తిప్పలేదు. దాన్ని బయటికి లాగి నేల మీద పెట్టి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పీచు ఇటియ్యి" అన్నాడు.

నేను గిన్నెలు తోమే కొబ్బరి పీచు ఇచ్చాను. దాన్ని నీళ్లలో ముంచి, బావి దగ్గరి ఇసుకలో ఒత్తి, తీసుకుపోయాడు. ఏం చేయబోతున్నాడో దొరకు అర్థమయ్యేలోపే బండి వెనక తలుపు మీద, గీతలు తక్కువగా ఉన్న చోట, పీచు ఆనించి చెయ్యి గుండ్రంగా తిప్పి కిందికి లాగాడు. ఆ చప్పుడు నా పళ్లలోకి దిగింది. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తర్వాత నేల మీది దుమ్ము పిడికెడు తీసుకుని ఆ తడి మీద రాసి, భుజం మీది గుడ్డతో తుడిచాడు.

ఎర్రగా, వంపు తిరిగి, పిడితో సహా కొడవలి.

"కోదాడ షెడ్డుల గిట్లనే కడిగిండ్రు దొరా. గీతలు పడ్డయి. నీకు భయపడి నేను నూనె పూసి దాసిన. బావకు ఏం తెల్వదు" అన్నాడు.

దొర వచ్చి బానెట్ మీది గీత మీద బొటనవేలు రాశాడు. వెనక్కి పోయి వెనక గీత మీద రాశాడు. అట్లా రెండుసార్లు తిరిగాడు. తర్వాత ఒక్కసారిగా నవ్వాడు. ఎవరూ రాలేదన్న సంతోషం అది, దాచుకోలేకపోయాడు. నాకు కూడా గుండె బరువు దిగినట్టయింది. కానీ నవ్వుతూనే ఆయన మా వైపు చూశాడు. పాలేర్లు, మా అన్న, మా ఆయన, నేను. కొబ్బరి పీచు గీతకు దొర వణికిపోయిన సంగతి అందరం చూశాం. ఆయన నవ్వు ఆగిపోయింది. గీతలు చూసినప్పటి దొర కంటే ఇప్పటి దొరను చూస్తే నాకు ఎక్కువ భయం వేసింది.

దొర మా అన్నకు కట్టిన తాడు విప్పమన్నాడు. లోపలి నుంచి చర్నాకోల తెప్పించాడు. దాన్ని తాను పట్టుకోలేదు, పాలేర్లకు ఇవ్వలేదు. మా అన్న చేతిలో పెట్టాడు.

"వీని పాణం వీడు దాసుకుంటె నీ పాణం పోయేటిది కదరా. కొట్టు. నువ్వు సరిగ కొడ్తె గీడనే ఖతం. లేకుంటె ఇద్దరు మిర్యాలగూడ పోతరు" అన్నాడు.

మా ఆయన అప్పటికే అంగీ విప్పి కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా అన్న చర్నాకోల పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. మొదటి దెబ్బకు చర్నాకోల ఒంటికి తగిలీ తగలనట్టు పడింది. దొర కుర్చీ తెప్పించుకుని కూర్చుని చూస్తున్నాడు. మిర్యాలగూడ గుర్తుందా అన్నట్టు గేటు వైపు ఒకసారి, బండి వైపు ఒకసారి చూశాడు.

మా ఆయన తల తిప్పకుండానే అన్నాడు. "గట్టిగ కొట్టు బావా."

మా అన్న కొట్టాడు. మా అన్న మంచి బలమున్న మనిషి. ప్రతి దెబ్బకూ నేను ముందు మా ఆయన వీపు వైపు చూడలేదు, దొర మొహం వైపు చూశాను, ఆయనకు చాలిందా లేదా అని. చాలలేదని తెలుస్తూనే ఉంది. ఒకసారి మా అన్న చెయ్యి గాలిలో ఆగింది. ఆ ఆగడం దొర గమనించాడేమోనని కుర్చీ వైపు చూశాను. నా మొగుడి వీపు నెత్తురు కారుతుండగా నేను బావి గట్టు మీద కూర్చుని, పెదవులు కదలకుండా, ఇంకా గట్టిగా కొట్టమని మా అన్నను మనసులో వేడుకుంటున్నాను.